గోడ లోపల ఏముంది?

పాకాల వైపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖి చంద్రగిరిని, తిరుచానూరును పలకరించి, శ్రీకాళహస్తి గుడి గోడలను ఒరుసుకుంటూ సముద్రానికి పోతుంది. ఆ నది వెంట కిందినుంచి పైకి ఒక్కరోజు ప్రయాణం చేసి చూడండి. అయిదొందల ఏళ్ల నాటి కట్టడాలూ, మొన్న మొన్న గృహప్రవేశమైన ఇళ్లూ ఒకే ప్రశ్న వేస్తాయి.

శ్రీకాళహస్తికి మొదటిసారి వెళ్లేవాళ్లకు ఏ తేడా కనిపించదు. బజారులో నడుస్తూ తలెత్తితే ఏడంతస్తుల రాజగోపురం, పైన కలశాలు, కింద పూలూ కొబ్బరికాయలూ అమ్మే దుకాణాలు. సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి, ఫొటోలు పడతాయి. రాహుకేతు పూజకు వేళవుతోందని జనం ముందుకు కదులుతారు. ఊళ్లో నడివయసు దాటినవాళ్లకు మాత్రం అది 'కొత్త గోపురం'.

పాతది శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది. నూరుకాళ్ల మండపంతో పాటు 1516లో ఈ గోపురాన్ని కట్టించినట్టు శాసనం ఉంది. తుళువ వంశం పోయింది, విజయనగరం పోయింది, నవాబులు, కుంపిణీ దొరలు వచ్చి వెళ్లారు. గోపురం అలాగే నిలబడింది. చివరికి 2010 మే 26, బుధవారం. గోపురం మీది పగుళ్లు అప్పటికే పెద్దవయ్యాయి. చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించారు, రాకపోకలు ఆపేశారు. రాత్రి ఎనిమిది ప్రాంతంలో అది నిలువునా కూలింది. ముందే జాగ్రత్తపడ్డారు కాబట్టి మనుషుల ప్రాణాలు దక్కాయి. తెల్లారేసరికి అక్కడ ఉన్నది ఓ మట్టిదిబ్బ. ఊరు ఊరంతా ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు ఏడ్చింది.

తర్వాత నవయుగ సంస్థ తన ఖర్చుతో కొత్త గోపురం కట్టింది. 2017 ఫిబ్రవరిలో కుంభాభిషేకం జరిగింది. అంటే గోపురం లేని శ్రీకాళహస్తిని చూస్తూ పెరిగిన పిల్లలూ ఉన్నారన్నమాట.

ఎందుకు కూలిందని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ఆ వాదన ఎలా ఉన్నా, ఒక సంగతి మాత్రం ఆలోచించాల్సిందే. పాత గోపురం బయటి రూపానికి ఫొటోలు వేలల్లో ఉంటాయి. పెళ్లి ఆల్బమ్‌లలో, కేలెండర్ల మీద, పోస్టుకార్డుల మీద. కానీ లోపల? ఇలాంటి గోపురాలకు సాధారణంగా కింద రాయి, పైన ఇటుకా డంగుసున్నమూ వాడతారు. ఎక్కడ రాయి ఆగి ఇటుక మొదలైంది, గోడ మందం ఏ అంతస్తులో ఎంత, పునాది ఎంత లోతుకు వెళ్లింది... ఇవన్నీ కట్టిన స్థపతికి తెలుసు. ఆయన గీసుకున్న పటమేదీ మనదాకా రాలేదు. ఆయనతోనే ఆ సమాచారమూ వెళ్లిపోయింది.

ప్యారిస్‌లో మరోలా జరిగింది

సరిగ్గా 2010 ప్రాంతంలోనే ప్యారిస్‌లో ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ కళాచరిత్ర ఆచార్యుడు ఒక పని చేశాడు. ఎనిమిది శతాబ్దాల నాటి నోత్రదామ్ చర్చిలో మూడు కాళ్ల పీట మీద లేజర్ యంత్రాన్ని యాభైకి పైగా చోట్ల నిలబెట్టి, లోపలా బయటా కొలిపించాడు. వంద కోట్ల చుక్కలతో చర్చి రూపం కంప్యూటర్లోకి ఎక్కింది. ఏ స్తంభం ఎంత పక్కకు ఒరిగిందో కూడా అందులో తేలింది. టాలన్ 2018 నవంబరులో చనిపోయాడు. అయిదు నెలలు తిరిగేసరికి, 2019 ఏప్రిల్ 15న చర్చి పైకప్పు తగలబడింది. శిఖరం కళ్లముందే విరిగిపడింది. పునర్నిర్మాణానికి దిగిన వాళ్ల చేతిలో టాలన్ కొలతలున్నాయి. వాటితో పాటు మంటల తర్వాత కొలిచినవీ కలిపి భవనం మొత్తానికి కంప్యూటర్ నమూనా తయారుచేసుకుని పని సాగించారు. 2024 డిసెంబరులో తలుపులు తెరిచారు.

మన దేశంలోనూ ఇలాంటి పని జరగకపోలేదు. గుజరాత్‌లోని పాటన్‌లో 'రాణీ కీ వావ్' అనే మెట్లబావిని పురావస్తు శాఖ సహకారంతో స్కాట్లండ్ బృందం 2011లో లేజర్లతో కొలిచింది. అయితే చుక్కలతో రూపం మాత్రమే వస్తుంది. ఆ రూపంలో ప్రతి రాయి వెనక అదేమిటి, ఎక్కడిది, ఎప్పుడు పెట్టారు, ఏం మోస్తోంది అనే వివరం జతచేస్తే? దాన్నే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటున్నారు. పొట్టిగా 'బిమ్'. ఇంజినీర్లకు ఇప్పుడు కొత్త మాటేమీ కాదు. ఇల్లు కట్టుకునేవాళ్లకే ఇంకా చెవిన పడలేదు.

పైపుకూ బీముకూ తగవు

శ్రీకాళహస్తి నుంచి తిరుపతి రోడ్డు పట్టుకుంటే దారిలో ఏర్పేడు వస్తుంది. ఒకప్పుడు వేరుశనగ చేలూ మామిడితోటల మధ్య ఆగే రైల్వేస్టేషన్‌గానే దాని పేరు వినపడేది. ఇప్పుడు వెంకటగిరి వెళ్లే దారిలో తిరుపతి ఐఐటీ ఉంది. 2015లో అద్దె భవనాల్లో మొదలైన ఆ సంస్థ శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరి 20న ప్రధాని జాతికి అంకితం చేశారు. సివిల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు కంప్యూటర్ తెర మీద భవనాలు లేపడం ఇప్పుడు ఎక్కడైనా మామూలే. తెర మీద భవనానికీ కాగితం మీద ప్లానుకూ ఏమిటి తేడా?

మీ ఇంటి ప్లానునే తీసుకోండి. కాగితం మీద గోడ అంటే రెండు గీతలు. ఆ గీతలకు తాము గోడ అని తెలియదు. ఎలక్ట్రీషియన్‌కు వేరే కాగితం, ప్లంబరుకు ఇంకోటి, ఇనుము కట్టేవాళ్లకు మరోటి. చాలా ఇళ్లల్లో అదీ ఉండదు. ప్లంబరుకు నోటితో చెబుతారు. శ్లాబు పడ్డాక పైఅంతస్తు బాత్రూము పైపు దిగాల్సినచోట బీము అడ్డం వస్తుంది. అప్పుడేం చేస్తారు? డ్రిల్లు తెచ్చి బీముకు కన్నం పెడతారు. కన్నం పడేచోట కమ్మీ తగిలితే దాన్నీ కోస్తారు. ఇల్లు కట్టినవాళ్లెవరికైనా ఈ కథ కొత్త కాదు. కోసిన కమ్మీ మీద ప్లాస్టింగ్ పడ్డాక ఆ సంగతి తెలిసింది ఇద్దరికే, ప్లంబరుకూ దేవుడికీ.

బిమ్‌లో గోడకు తాను గోడనని తెలుసు. తన మందం, ఎత్తు, ఏ ఇటుకతో కట్టిందీ, ఎన్ని ఇటుకలు పట్టేదీ తెలుసు. ఆ గోడలో కిటికీ పెట్టామనుకోండి, ఇటుకల లెక్క దానంతటదే తగ్గుతుంది. పైపు వెళ్లి బీముకు తగిలితే తెరమీద ఎర్రగా చూపిస్తుంది. తగవు సిమెంటు తడపకముందే తీరిపోతుంది. ఏ పని ఏ వారం జరగాలో జోడిస్తే నాలుగో కొలత అంటారు, ఖర్చు కూడా కలిపితే అయిదోది. నాగపూర్ మెట్రోను ఇలా అయిదు కొలతల పద్ధతిలోనే కట్టారు.

ఈ ఆలోచన వయసు కూడా తక్కువేం కాదు. 1975లో చార్లెస్ ఈస్ట్‌మన్ అనే అమెరికన్ ఆచార్యుడు, భవనాన్ని కాగితాల కట్టగా కాక కంప్యూటర్లో ఒకే నమూనాగా దాచాలని రాశాడు. అప్పటి కంప్యూటర్లకు అంత శక్తి లేదు. బ్రిటన్ ప్రభుత్వం తన సొంత నిర్మాణాలకు 2016 ఏప్రిల్ నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. సింగపూరు 2015 నుంచి అయిదువేల చదరపు మీటర్లు దాటిన భవనాలకు అనుమతి కావాలంటే ఇలాంటి నమూనానే ఇవ్వమంది. హైదరాబాదులో ఏసీ గదుల్లో కూర్చున్న మన కుర్రాళ్లు ఎక్కడో లండన్‌లోనో దుబాయ్‌లోనో లేచే ఆస్పత్రులకు ఈ నమూనాలు గీసి పంపుతున్నారు. వాళ్ల సొంత ఊళ్లో నాన్న కట్టించే ఇంటికి మాత్రం మేస్త్రీ చెప్పిందే వేదం!

నూట ఇరవై నాలుగు అంగుళాలు

తిరుపతిలో అలిపిరి వెళ్లే దారిలో టీటీడీ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. 1960 నుంచి అక్కడ ఆలయ నిర్మాణం, రాతిశిల్పం, సుద్దశిల్పం, లోహశిల్పం, కొయ్యశిల్పం నేర్పుతున్నారు. కాళహస్తి కలంకారీ కూడా. కొండకు నడిచి వెళ్లే భక్తుల్లో దీన్ని ఆగి చూసేవాళ్లు తక్కువే. చూడాల్సిన చోటు మాత్రం ఇదే.

ఎందుకంటే, బిమ్‌ను గొప్పగా చెప్పే ఇంజినీర్లు మొదట ఎత్తే మాటొకటుంది... 'ఒక్క కొలత మార్చితే మిగతావన్నీ వాటంతటవే మారతాయి' అని. శిల్పులకు ఆ విద్య ఎప్పటినుంచో ఉంది. ఉత్తమ దశతాళంలో విష్ణుమూర్తి విగ్రహం చెక్కాలంటే నిలువెత్తును 124 సమభాగాలు చేస్తారు. ఆ భాగమే అంగుళం. మన స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికి మాత్రమే చెల్లే అంగుళం. ముఖం ఎంత, మెడ ఎంత, మోకాలి నుంచి పాదం దాకా ఎంత... అన్నీ ఆ భాగాల్లోనే. విగ్రహం జానెడైనా, పదడుగులైనా లెక్క అదే. ఎత్తు మార్చండి, కనురెప్ప దాకా అన్నీ మారిపోతాయి. ఆలయాలకూ అంతే. గర్భగుడి కొలత నుంచి ద్వారం, ద్వారం నుంచి విగ్రహం, అలా ఒకదాన్నుంచి ఒకటి పుడుతూ పోతాయి.

మరి అంత తెలిసినవాళ్లకు శ్రీకాళహస్తి గోపురం లోపలి సంగతి ఎందుకు మిగల్లేదు? సూత్రం గురువు నుంచి శిష్యుడికి అందింది. ఫలానా గోపురం కట్టేటప్పుడు ఫలానా మూల ఏం జరిగిందన్నది అందలేదు. నేల మెత్తగా ఉందని పునాది మార్చారేమో, రాయి దొరక్క ఇటుకతో సరిపెట్టారేమో. శాస్త్రంలో ఉన్నదొకటి, కట్టింది ఒకటి. ఆ రెండో దానికే లెక్క కావాలి. ఇప్పటి అపార్టుమెంట్లలోనూ ఇదే తంతు. అనుమతికి ఇచ్చిన ప్లాను ఒకటి, లేచిన భవనం ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2016 నుంచి ఇంటి అనుమతులు ఆన్‌లైన్ అయ్యాయి. కంప్యూటర్లో గీసిన ప్లానును కంప్యూటరే సరిచూస్తుంది. సెట్‌బ్యాక్ ఎంత వదిలారు, ఎన్ని అంతస్తులు అని. అది మంచిదే. కానీ అనుమతి చేతికొచ్చాక ఆ ప్లాను బ్యాంకు లోను ఫైల్లోకి వెళ్లి పడుకుంటుంది. దాని మీద ఆ తర్వాతి మార్పులు రాసే నాథుడు లేడు.

పైకి తేలిన తొట్టి

2021 నవంబరు వానలు తిరుపతి వాళ్లు ఎన్నటికీ మరిచిపోరు. ఘాట్‌రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, మెట్లదారి జలపాతమైంది, కాలనీలకు కాలనీలే నీళ్లలో మునిగాయి. ఆ వరదల తర్వాత శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి ఆవరణలో జరిగిన విచిత్రాన్ని టీవీలో చూసినవాళ్లు ఇంకా చెప్పుకుంటారు. పద్దెనిమిది సిమెంటు ఒరలతో పాతికడుగుల లోతున కట్టిన నీళ్ల తొట్టి, ఇంటావిడ లోపల దిగి శుభ్రం చేస్తుండగా, భూమిలోంచి నిలువునా పైకి లేచింది! ఆమెకు ప్రాణాపాయం తప్పింది. జనం తండోపతండాలుగా వచ్చి చూశారు. కొందరు దేవుడి లీల అన్నారు.

నిజానికి అది పడవ తేలినట్టే తేలింది. వరదకు నేల నీళ్లు తాగి ఉబ్బింది. నిండుగా ఉన్నప్పుడు బరువుతో కూర్చున్న తొట్టి ఖాళీ చేసేసరికి తేలికైంది. చుట్టూ ఉన్న నీరు తోసేసింది. అంతే. ఆ నేల కింద ఏ పొర ఉంది, వానాకాలం నీళ్లు ఎంత పైకొస్తాయి అన్నది ఎక్కడా రాసి లేదు. ఒక ఇంటికి కాదు, వీధికి వీధికే లేదు. కింద ఏ చెరువు పూడ్చి లేఅవుట్ వేశారో అంకణాల లెక్కన స్థలం కొన్నవాళ్లకు చెప్పేదెవరు?

అదే వారంలో ఇంకో గండం. తిరుపతికి దక్షిణాన, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు ఉంది. పేరులోనే రాయలున్నాడు. అయిదు శతాబ్దాలుగా ఊళ్లకు అన్నం పెట్టిన చెరువది. ఆ వానలకు కట్ట నుంచి నీరు కారడం మొదలైంది. కట్ట తెగితే దిగువ పల్లెలు కొట్టుకుపోతాయని జనాన్ని ఖాళీ చేయించారు. పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో జనం కదిలారు. ఇసుక బస్తాలు పడ్డాయి, కట్ట నిలబడింది. ఆ రాత్రులు కట్ట మీద నిలబడిన ఇంజినీర్లకు కావలసింది ఒక్కటే... ఈ మట్టి లోపల ఏముందో తెలిసిన మనిషి. అయిదొందల ఏళ్లలో ఎన్నిసార్లు తెగింది, ఎక్కడ అతుకు వేశారు, ఆ అతుకు ఏ మట్టితో వేశారు? చెరువుగట్టు మీద ఇలాంటివి తాతలకు తెలుసు. తాతలు ఎల్లకాలం ఉండరు.

మేస్త్రీ చేతిలో పుత్తూరు కట్టు

ఇక్కడికి దగ్గర్లోని పుత్తూరు పేరు చెబితే ఎముక విరిగినవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. పుత్తూరు కట్టు కట్టేవాళ్లు చేత్తో తడిమి ఎముక ఎక్కడ విరిగిందో చెబుతారు. మంచి మేస్త్రీ కూడా అంతే. గోడను వేలితో తట్టి, చప్పుడు విని, లోపల డొల్ల ఉందో లేదో చెబుతాడు. ఆ విద్యను తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే ఇప్పుడు పుత్తూరు వెళ్లేవాళ్లూ చేతిలో ఎక్స్‌రే పట్టుకునే వెళుతున్నారు.

చిత్తూరు, పలమనేరు, మదనపల్లె లాంటి ఊళ్లలో బిమ్ ఎందుకు రాదంటే మొదటి జవాబు డబ్బు. పెద్ద సాఫ్ట్‌వేర్ల ఏడాది చందా చిన్న ఇంజినీరింగ్ ఆఫీసుకు భారమే. ఇది సగం నిజం. ఫ్రీక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2024 నవంబరులో వచ్చిన కొత్త కూర్పు నుంచి బిమ్ పరికరాలు లోపలే ఉన్నాయి. ఎవరి సాఫ్ట్‌వేర్‌లో గీసినా ఇంకొకరు తెరిచి చూసుకునేలా ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి పద్ధతీ ఉంది. మిగతా సగం నిజం వేరు. నమూనా గీయాలంటే పునాది తవ్వకముందే అన్నీ తేల్చుకోవాలి. వంటింటి గట్టు ఎటువైపు, పూజగది ఎక్కడ, ఏసీ ఏ గోడకు. మనవాళ్లు శ్లాబు పడ్డాక కూడా వాస్తు పండితుణ్ని పిలిచి మెట్లు తిప్పించే రకం. మేనమామ వచ్చి ఈశాన్యం మూల చూసి పెదవి విరిస్తే చాలు, కట్టిన గోడ పడిపోతుంది. అలాంటప్పుడు ఏ కంప్యూటర్ ఏం చేస్తుంది?

కాంట్రాక్టరుకు ఇంకో ఇబ్బంది. ఎన్ని ఇటుకలు, ఎన్ని కిలోల కమ్మీ, ఎన్ని బస్తాల సిమెంటు అన్నది నమూనా గ్రాముల్లో చెప్పేస్తుంది. ఆ లెక్క ఇంటి యజమానికీ కనిపిస్తుంది. ఇక చెప్పక్కర్లేదు.

నమూనా ఒక్కటీ గీసేస్తే పనైపోదనీ గుర్తుంచుకోవాలి. శ్లాబు పోసేరోజు సైటులో ఒక కమ్మీ జరిగితే నమూనాలోనూ జరగాలి. జరపకపోతే అదీ మరో అందమైన బొమ్మే. అబద్ధం చెప్పే నమూనా కంటే ఏమీ లేకపోవడమే నయం. ప్లంబరు దాన్ని నమ్మి డ్రిల్లు పెడతాడు మరి. అపార్టుమెంటు కొనేవాళ్లు పార్కింగ్ గురించి, లిఫ్టు కంపెనీ గురించి నూరు ప్రశ్నలు వేస్తారు. కట్టినట్టు గీసిన పటం ఇవ్వమని అడిగేవాళ్లు ఎందరు?

చంద్రగిరి దారిలో

ప్రయాణంలో చివరి మజిలీ చంద్రగిరి. తిరుపతి నుంచి పడమటికి అరగంట. కొండ కింద కోట, కోట లోపల రాజమహల్. మూడంతస్తుల ఆ భవనంలో కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. దూలం లేకుండా అంతేసి గదులకు కప్పు ఎలా నిలిచిందో చూడాలంటే తల పైకెత్తి కమానులను చూస్తూ నడవాలి. బరువు కమాను మీదినుంచి గోడలోకి, గోడలోంచి పునాదిలోకి ఎలా జారుతుందో కంటికే కనిపిస్తుంది. ఇప్పుడు అందులో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. బడిపిల్లలు విగ్రహాల ముందు వరసగా నిలబడి పేర్లు రాసుకుంటూ పోతారు. పక్కన రాణీమహల్, చెరువు, పచ్చిక. సాయంత్రం గాలి బాగుంటుంది.

కోట నుంచి తిరుపతికి తిరిగి వచ్చే దారి పొడవునా లేఅవుట్లే. రంగురాళ్లు పాతిన స్థలాలు, సగం లేచిన ఇళ్లు, సెంట్రింగ్ కర్రలు, నీళ్లు కొట్టిన ఇటుకల వాసన. చీకటిపడేవేళ ఏ ఇంటి ముందు ఆగి చూసినా ఒకటే దృశ్యం. కూలీలు చేతులు కడుక్కుంటుంటారు. లోపల, ఇంకా పూత పడని ఇటుక గోడ మీద మేస్త్రీ పెన్సిలుతో రాసుకున్న అంకెలుంటాయి. స్విచ్‌బోర్డు ఎత్తు ఇంత, పైపు ఇక్కణ్నుంచి ఇటు, కిటికీ లింటెల్ ఇంతలో, ఒక బాణం గుర్తు, ఒక కొట్టివేత. ఆ ఇంటి గురించి ఎవరైనా రాసిన పక్కా లెక్క బహుశా అదొక్కటే.

రేపు పొద్దున ఆ గోడకు ప్లాస్టింగ్.